పాత టెస్టులను తొలగించే ముందు

కందుకూరు నుంచి మీరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తెలుగు పదాల అకారాది క్రమం, అంకెలను మాటల్లో రాయడం, కొలతల మార్పిడి, జిల్లాల, మండలాల పేర్లు చూసుకునే ఒక ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీ బాధ్యతను ఇటీవల మీకు అప్పగించారు. అందులో కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో సరిచూసే చిన్న ప్రోగ్రాములు, అంటే టెస్టులు, దాదాపు 1,400 ఉన్నాయి, అన్నీ నడవడానికి 50 నిమిషాలు పడుతోంది. వాటిలో 300 దాకా 2016కు ముందు రాసినవి. రాసినవారు ఇప్పుడు ప్రాజెక్టులో లేరు. ఇవికాక 60 టెస్టులకు, నడపకుండా దాటేయమని చెప్పే స్కిప్ గుర్తు పెట్టి ఉంది. పాతవన్నీ ఒక్కసారిగా తీసేసి, అవసరమైనవి కొత్తగా రాసుకోవచ్చా అని అడిగారు.

ఒక్కసారిగా తీసేయడం తప్పు. అలాగని ఒక్కటి కూడా తీయకూడదన్న వాదాన్నీ నేను ఒప్పుకోను. నెల్లూరులో ఉంటూ పదహారేళ్లుగా ఇలాంటి ప్రాజెక్టుల నిర్వహణలో పాలుపంచుకుంటున్నాను. టెస్టు వయసుకూ దాని అవసరానికీ సంబంధం లేదని ఆ అనుభవం నాకు నేర్పింది. ప్రతి టెస్టూ ప్రాజెక్టు ఎవరికో ఇచ్చిన ఒక మాటకు కాపలా కాస్తూ ఉంటుంది. ఆ మాటను ప్రాజెక్టు అందరికీ తెలిసేలా వెనక్కి తీసుకున్నప్పుడు టెస్టు వెళ్లిపోవాలి. మాట నిలిచి ఉన్నంతకాలం, అది 2009లో రాసినదైనా, రాసిన తీరు మనకు నచ్చకపోయినా, టెస్టు ఉండాలి. మీ అసలు ఇబ్బంది ఏమిటంటే, ఆ 300 టెస్టులు ఏ మాటకు కాపలా ఉన్నాయో ఎవరూ రాసిపెట్టలేదు.

మన వైపు చెరువులు చూసినవారికి ఈ సంగతి తేలికగానే అర్థమవుతుంది. చెరువు కట్టకు ఒక పక్కన, ఎక్కువైన నీరు పొర్లిపోయే దారి, అంటే కలుజు ఉంటుంది. వానలు చాలని ఏళ్లలో దాని మీదుగా చుక్క నీరు పారదు, దిగువ కాలువ పూడిపోతుంది, కొన్నిచోట్ల ఆ దారిలో ఇళ్లు కూడా లేస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పటి లాంటి వానలు వచ్చిన రోజున, కలుజు దారి తెరిచి ఉందా లేదా అన్నదాన్ని బట్టే చెరువు కట్ట నిలవడమో తెగడమో జరుగుతుంది. ఆరేళ్లుగా ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు కాబట్టి ఈ టెస్టు పనికిరానిదని చెప్పేవారిని చూసినప్పుడు నాకు ఆ కలుజే గుర్తుకొస్తుంది.

ఓపెన్ సోర్స్‌లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఒక కంపెనీ లోపలి సాఫ్ట్‌వేర్ అయితే దాన్ని ఎవరు వాడుతున్నారో లెక్క తీయవచ్చు, వెళ్లి అడగవచ్చు. మన లైబ్రరీని ఎవరు దింపుకున్నారో, దేనికి వాడుతున్నారో మనకు తెలియదు. ఎప్పుడో ఒకరు బగ్ (కోడ్‌లో తప్పు) ఉందని రాశారు, ఇంకొకరు సరిచేసి టెస్టు పెట్టారు, ఇద్దరూ వెళ్లిపోయారు. ఆ వాడుకరి ఒకరు ఉన్నారనడానికి మిగిలిన సాక్ష్యం ఆ టెస్టు ఒక్కటే కావచ్చు. పైగా డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు ప్యాకేజీ కట్టే సమయంలో మన టెస్టులను తమ యంత్రాల మీద కూడా నడుపుతాయి, వాటిలో బైట్ల వరుస మన ల్యాప్‌టాప్‌లకు తలకిందులుగా ఉండే ఎస్390ఎక్స్ అనే రకం యంత్రాలు కూడా ఉన్నాయి. మీ దగ్గర ఎన్నడూ ఫెయిల్ కాని టెస్టు అక్కడ ఫెయిలై ఒక నిజమైన తప్పును పట్టుకోవచ్చు.

నేను చేసిన పొరపాటు ఒకటి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీరు చేయబోతున్నదీ దాదాపు అదే. కొలతల మార్పిడి లైబ్రరీ ఒకదాన్ని అప్పట్లో నేను చూసేవాడిని. అందులో ధాన్యం కొలత అయిన పుట్టి గురించి రెండు టెస్టులు ఉండేవి. మొదటిది పుట్టికి ఇరవై తూములని సరిచూసేది. రెండవది పుట్టికి 850 కిలోలని సరిచూసేది, దాని పేరులో పుట్టి, 2 అని తప్ప మరేమీ లేదు, పైన వ్యాఖ్య కూడా లేదు. నిఘంటువులో ఉన్నది మొదటి లెక్క. నెల్లూరు వైపు వడ్ల బేరంలో నడిచేది రెండవ లెక్క. ధర పుట్టికి ఇంత అని చెబుతారు, కాటా మీద కిలోలు తూస్తారు, 850తో భాగిస్తారు. ఈ ఊళ్లోనే ఉంటూ కూడా నేను ఆ రెండవ టెస్టును చూసి, ఒకే కొలతకు రెండు టెస్టులెందుకు, ఇది ఎవరో పొరపాటున వదిలేసినదై ఉంటుందనుకొని, మరో ఇరవై పాత టెస్టులతో పాటు ఒకే కమిట్‌లో (ఒకే మార్పుగా నమోదు చేసి) తీసేశాను. కమిట్ సందేశం "పాత టెస్టుల శుభ్రత" అని రెండు ముక్కల్లో ఉంది.

రెండు నెలల తరవాత మరొకరు మార్పిడి పట్టికను తిరగరాశారు. ఒక కొలతకు ఒకే నిర్వచనం ఉండాలన్నది వారి ఉద్దేశం, అది మంచి ఉద్దేశమే. కిలోల లెక్క కూడా తూముల మీదుగా వెళ్లేలా మారింది. టెస్టులన్నీ పాసయ్యాయి. రిలీజ్ చేశాం. కొన్నాళ్లకు ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేసే ఆయన నుంచి ఒక ఫొటో వచ్చింది, మా లైబ్రరీ మీద కట్టిన బిల్లింగ్ ప్రోగ్రాం ముద్రించిన చీటీ అది. బరువు 8,500 కిలోలని ఉంది. దాని పక్కన పది పుట్లు అని ఉండవలసిన చోట దశాంశాలతో మరేదో అంకె ఉంది. ఆయన ఆ అంకెను బాల్‌పెన్నుతో కొట్టేసి పక్కన 10 అని రాసి, రైతుకు అదే లెక్కన డబ్బు ఇప్పించి, ఆ తరవాత మాకు ఫొటో పంపారు. ఆయనకు ఆ లెక్క నోటికి వచ్చు కాబట్టి సరిపోయింది. యంత్రం చెప్పినదాన్ని నమ్మే కొత్త గుమాస్తా అక్కడ ఉండి ఉంటే రైతు చేతికి వచ్చే డబ్బే తప్పేది. నేను తీసేసిన మూడు వరుసల టెస్టు ఉండి ఉంటే, పట్టిక తిరగరాసిన రోజే ఆ తప్పు బయటపడేది.

ఆ తరవాత నుంచి ఏ పాత టెస్టునైనా తీసే ముందు నేను రెండు పనులు తప్పకుండా చేస్తున్నాను. మొదటిది, అది ఎందుకు పుట్టిందో వెతకడం. ఇందుకు, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఏ వరుసను చివరిగా ఎవరు మార్చారో చూపే బ్లేమ్ ఒక్కటే చాలదు, ఎవరైనా మధ్యలో ఇండెంటేషన్ సరిచేస్తే బ్లేమ్ వారి పేరే చూపిస్తుంది. మార్పుల జాబితా చూపే గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ (-S) ఆప్షన్‌తో ఆ టెస్టులోని అసలు విలువను, అంటే 850 వంటి అంకెనో, ఒక పదాన్నో ఇస్తే, అది ఫైల్లోకి మొదట ఎప్పుడు వచ్చిందో దొరుకుతుంది. ఆ కమిట్ సందేశంలో బగ్ సంఖ్య ఉంటే సగం పని అయినట్టే. రెండవది, కోడ్‌ను కావాలని చెడగొట్టి చూడడం. 850ని 800 చేసి మొత్తం టెస్టులు నడపండి. ఈ ఒక్క టెస్టే ఫెయిలైతే, ఆ మాటకు మరో కాపలా లేదని అర్థం, దానిని తాకవద్దు. దానితో పాటు మరో ఐదు కూడా ఫెయిలైతే, అప్పుడు ఇది నకలు కావచ్చు. వాటిలో తప్పు ఎక్కడుందో స్పష్టంగా చెప్పేదాన్ని ఉంచి మిగిలినవి తీయవచ్చు. 300 టెస్టులకూ ఇలా చేయడం పెద్ద పని అనిపిస్తుంది. టెస్టులు ఎంత కోడ్‌ను తాకాయో కొలిచే కవరేజ్.పై అనే పరికరంలో 5.0 వెర్షన్ నుంచి ఏ వరుసను ఏ టెస్టు తాకిందో నమోదు చేసే సదుపాయం ఉంది కాబట్టి, ఒక వరుసను ఒక్క టెస్టే తాకుతున్న చోట్లను ముందుగా విడిగా పెట్టుకుంటే, చేతితో చెడగొట్టి చూడవలసినవి తగ్గుతాయి. వారానికి ఇరవై చొప్పున చూసినా నాలుగు నెలల్లోపే పూర్తవుతుంది.

టెస్టు పుట్టిన కారణం ఒకటి, అది ఉండవలసిన కారణం మరొకటి అయ్యే సందర్భాలు కూడా మీకు ఎదురవుతాయి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కూల్చేసిన సంగతి మీకు గుర్తుండవచ్చు. అది మామూలు 'జ్ఞా' కాదు. ఞ వత్తు తరవాత, దీర్ఘానికి ముందు, అక్షరాలను కలవనీయని, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు చేరిన వరుస. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6తో దానిని సరిచేసింది. ఆ రోజుల్లో తెలుగు పాఠాన్ని శుభ్రం చేసే ప్రోగ్రాముల్లో ఈ వరుసను పట్టుకునే టెస్టులు చేరి ఉండవచ్చు, మీ లైబ్రరీలోనూ అలాంటిది ఉండే అవకాశం ఉంది. ఫోన్ల సమస్య తీరింది కాబట్టి తీసేయవచ్చుగా అని ఎవరైనా అడిగితే, నా సమాధానం తీయవద్దనే. ఆ కనిపించని గుర్తు అక్కడ మిగిలిపోతే 'జ్ఞానం' అని వెతికినప్పుడు ఆ మాట దొరకదు, అకారాది క్రమంలోనూ తప్పు చోట పడుతుంది. ఇప్పుడు కాపలా కాస్తున్నది వెతుకులాటకు. కాబట్టి టెస్టును ఉంచి, పేరులో ఐఫోన్ మాట తీసి, ఆ గుర్తు ఎందుకు పోవాలో ఒక వాక్యంలో రాస్తే సరిపోతుంది. టెస్టును కంటితో చూస్తే ఆ గుర్తు కనిపించదు కాబట్టి దానిని ఎస్కేప్ రూపంలో, అంటే దాని కోడ్ సంఖ్యగా, రాయండి. లేకపోతే ఎవరి ఎడిటరో దాన్ని నిశ్శబ్దంగా తినేస్తుంది, టెస్టు మాత్రం పాసవుతూనే ఉంటుంది.

ఇక మీ ఊరి పేరునే తీసుకుందాం. కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉందని చెప్పే పాత టెస్టు మీ దగ్గర ఉందనీ, 2022 తరవాత అది ఫెయిలవుతుంటే ఎవరో స్కిప్ చేశారనీ రాశారు. చూడడానికి అది చెల్లిపోయిన టెస్టు. అయితే 1970 ఫిబ్రవరి 2కు ముందు కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ రోజు ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరింది, ఆ జిల్లాకు 1972లో ప్రకాశం అని పేరు మారింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. సరిహద్దులు మారడానికి అదే చివరిసారి అనుకోవడానికి వీల్లేదు. 1995 నాటి భూమి దస్తావేజును కంప్యూటర్‌లోకి ఎక్కించేవారికి ప్రకాశం అన్నదే సరైన జవాబు. పాత టెస్టు తప్పు చెప్పలేదు, తేదీ చెప్పలేదు, అంతే. దానికి తేదీ చేర్చి, 1969కి, 1995కు, 2023కు విడివిడిగా జవాబు అడిగేలా మార్చితే, స్కిప్ అయిన ఆ ఒక్క టెస్టు స్థానంలో మూడు మంచి టెస్టులు వస్తాయి, లైబ్రరీలో తేదీ చూసుకోని లోపం కూడా బయటపడుతుంది. ఇలాంటివాటిని తొలగించవలసిన టెస్టుల్లో కలపవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

నిస్సంకోచంగా తీసేయవలసినవి కూడా ఉన్నాయి. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది, మీ లైబ్రరీ కూడా దానిని వదిలేసిందని రీడ్‌మీలో ఉంది. అప్పటి యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం) స్ట్రింగుల తేడాలను చూసే టెస్టులు పోవచ్చు. యూనికోడ్ తెలుగు పట్టికలో ఫలానా స్థానం ఖాళీగా ఉందని చెప్పే టెస్టు దొరికితే, దానిదీ అంతే. శాసనాల్లో కనిపించే 'ఴ' 2014లో యూనికోడ్ 7.0తో పట్టికలో చేరింది, ఆ ఖాళీని కాపాడే టెస్టు ఇప్పుడు తప్పునే కాపాడుతోంది. కానీ అదే ఫైల్లో ఉన్నాయని పాత డీటీపీ ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌కు మార్చే టెస్టులను తీయవద్దు. అను ఫాంట్లలో కూర్చిన పాఠం డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ తయారవుతోంది, పాత పుస్తకాల ఫైళ్లు ఎన్నో అలాగే ఉన్నాయి. పాతదిగా కనిపించే ఫాంటు వేరు, వాడుకలోంచి పోయిన ఫాంటు వేరు.

ఒక సదుపాయాన్నే తీసేస్తున్నప్పుడు దాని టెస్టులన్నీ తుడిచేయకుండా, ఇక అది పనిచేయకూడదని చెప్పే టెస్టు ఒకటి మిగిల్చండి. ఇంటర్నెట్ సంభాషణను గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ 2016లో 1.1.0 వెర్షన్‌తో ఎస్‌ఎస్‌ఎల్ 2 అనే పాత పద్ధతిని పూర్తిగా తొలగించింది. అలాంటి చోట పాత పద్ధతిలో అడిగితే నిరాకరణ వస్తోందా అని చూడడం, ఒకప్పుడు అది పనిచేస్తోందా అని చూసినంత ముఖ్యం. మీ లైబ్రరీలో అయితే, తీసేసిన ఫంక్షన్‌ను పిలిచినవారికి దాని స్థానంలో ఏది వాడాలో చెప్పే సందేశం వస్తోందా అన్నది ఒకటి రెండు రిలీజ్‌ల వరకు చూడండి.

ఎప్పుడో ఒకసారి మాత్రం ఫెయిలయ్యే టెస్టుల మీద అందరికీ విసుగు ఉంటుంది, ఆ విసుగులోనే నిజమైన బగ్‌లు తప్పించుకుపోతాయి. మా ప్రాజెక్టు ఒకదానిలో ఈనాటి తేదీని తెలుగులో రాసే టెస్టు వారానికి ఒకటి రెండు సార్లు ఫెయిలయ్యేది. పొద్దున మళ్లీ నడిపితే పాసయ్యేది. తీసేద్దామని పుల్ రిక్వెస్ట్ (మార్పును కలపమని కోరే అభ్యర్థన) కూడా వచ్చింది. ఫెయిలైన సమయాలన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే, అన్నీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 18:30కీ అర్ధరాత్రికీ మధ్యనే ఉన్నాయి. మనకు ఆ 18:30 అంటే రాత్రి పన్నెండు. కోడ్ పంపగానే టెస్టులను దానంతటదే నడిపే సీఐ యంత్రం గడియారంలో ఇంకా నిన్నటి తేదీ నడుస్తుండగా ఇక్కడ తేదీ మారిపోయింది. ఒంగోలు నుంచి రాత్రిపూట కూర్చొని పనిచేసే ఒక సహచరుడు కోడ్ పంపినప్పుడల్లా అది ఫెయిలయ్యేది. తప్పు టెస్టులో లేదు, కోడ్ కాలమండలాన్ని చూసుకోవడం లేదు. యూటీసీ గడియారంతో నడిచే సర్వర్ మీద ఈ లైబ్రరీ వాడిన ప్రతివారికీ రోజుకు ఐదున్నర గంటలపాటు తప్పు తేదీ వచ్చి ఉంటుంది.

యాభై నిమిషాల సంగతి పూర్తిగా వేరు, దానికీ పాతదనానికీ ముడిపెట్టవద్దు. టెస్టులు నడిపే పైటెస్ట్‌కు డ్యూరేషన్స్ ఆప్షన్ ఇచ్చి అత్యంత నెమ్మదైన ముప్పై టెస్టులు చూడండి. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఎక్కువ సమయం తినేవి కొన్నే ఉంటాయి, అవి తరచుగా కొత్తవే. నెట్‌వర్క్ మీదకు వెళ్లేవాటిని, పెద్ద ఫైళ్లు చదివేవాటిని రాత్రి ఒకసారి నడిచే విడి వరుసలోకి మార్చండి. మిగిలినవాటిని ఎక్స్‌డిస్ట్ అనే దాని అనుబంధంతో సమాంతరంగా నడపండి. పల్లె నుంచి పాత ల్యాప్‌టాప్ మీద మొదటి పుల్ రిక్వెస్ట్ పంపే విద్యార్థి యాభై నిమిషాలు ఆగడు, టెస్టులు నడపకుండానే పంపేస్తాడు. ఆ నష్టం నిజమైనదే కాబట్టి ఈ పని ముందు చేయండి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రాజెక్టు 3.42 వెర్షన్ నాటికి కోడ్‌కు దాదాపు 590 రెట్లు టెస్టు కోడ్ ఉంచుకున్నదని చదివి కంగారుపడవద్దు, అక్కడ పూర్తి సమయం దానిమీదే పనిచేసేవారున్నారు. వారి నుంచి తీసుకోవలసినది ఆ అలవాటు మాత్రమే: బగ్‌ను బయటపెట్టే టెస్టు చేరేవరకు వారు ఆ బగ్ సరైనట్టు లెక్కపెట్టరు.

ఆ 60 స్కిప్ టెస్టులే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నాయి. తీసేసిన టెస్టు లేదని అందరికీ తెలుస్తుంది. స్కిప్ అయిన టెస్టు ఉన్నట్టు కనిపిస్తూ ఏమీ చూడదు, చూసేవారికి ఆకుపచ్చ రంగు మాత్రం కనిపిస్తుంది. ఒక విడి బ్రాంచ్‌లో ఆ గుర్తులన్నీ తీసేసి ఒకసారి నడపండి. వాటిలో కొన్ని ఇప్పుడు పాసవుతాయి, వాటిని వెంటనే తిరిగి పనిలో పెట్టండి. ఫెయిలయ్యేవాటిలో తప్పు నిజమని తెలిసీ ఇప్పట్లో సరిచేయలేనివి ఉంటే, వాటికి స్కిప్ బదులు ఎక్స్‌ఫెయిల్ (ఫెయిలవుతుందని ముందే తెలుసు) గుర్తును, పాసైతే ఫెయిల్‌గా చూపే స్ట్రిక్ట్ పద్ధతిలో పెట్టి, కారణం రాయండి. అలా చేస్తే ఎవరైనా తెలియకుండానే ఆ తప్పును సరిచేసిన రోజు టెస్టే ఆ సంగతి చెబుతుంది. పై రెంటికీ చెందనివాటిని, మునుపు చెప్పిన పద్ధతిలో కారణం వెతికి, దొరకకపోతే తీసేయండి.

నిర్ణయం ఎవరిది అన్న విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. తన కోడ్ వల్ల ఫెయిలైన టెస్టును అదే పుల్ రిక్వెస్ట్‌లో తీసేసే అధికారం ఎవరికీ ఉండకూడదు, మెయింటెయినర్‌గా మీకు కూడా. తొలగింపు విడి కమిట్‌గా రావాలి, ఒక కమిట్‌లో ఒకే కారణానికి చెందిన టెస్టులు ఉండాలి. ఏ మాటను ఎందుకు వెనక్కి తీసుకుంటున్నామో సందేశంలో ఉండాలి. అప్పుడు అవసరమైతే ఒక్క రివర్ట్‌తో వెనక్కి తేవచ్చు. అంతా గిట్‌లో భద్రంగానే ఉంటుంది కదా అని కొందరు అంటారు. ఉంటుంది, కానీ ఒక టెస్టు ఉండేదని తెలియనివారు దాన్ని వెతకరు, పుట్టి విషయంలో మాకు జరిగింది అదే. టెస్టు రాసినవారి ఈమెయిల్ కమిట్‌లో దొరుకుతుంది, ఒక ఉత్తరం రాసి రెండు మూడు వారాలు ఆగండి. పదేళ్ల తరవాత కూడా నాకు జవాబులు వచ్చాయి, కొన్ని జవాబులు ఒక వాక్యమే అయినా రోజుల తరబడి వెతుకులాట తప్పించాయి.

ముందుగా ఆ 60 టెస్టుల స్కిప్ గుర్తులు తీసి నడిపి, పాసైనవాటి, ఫెయిలైనవాటి పేర్లు ఇక్కడ పెట్టండి. ఫెయిలైనవాటి చరిత్ర వెతకడంలో నేనూ సాయపడతాను. కందుకూరు టెస్టును తేదీలతో మూడుగా విడదీసే పుల్ రిక్వెస్ట్‌ను ఈ ఆదివారం లోపల నేనే పంపుతాను, 1970, 2022 తేదీలను ప్రభుత్వ ఉత్తర్వులతో ఒకసారి సరిపోల్చి చూసి కలపండి.